తోడు వేసిన సముద్రం

మొన్న ఫిబ్రవరిలో మా ఇంట్లో పాట్‌లక్ పెట్టుకున్నాం. వచ్చినవాళ్ళందరూ చెప్పులు విప్పి లోపలికి రాగానే హాల్లో ఉన్న గాజుతొట్టె దగ్గరికే వెళ్ళారు. లైటు వెలుగుతోంది, నీళ్ళు తిరుగుతున్నాయి, మధ్యలో రాళ్ళ గుట్ట. అంతే.

"చేపలేవండీ?" అంది ఒకావిడ.

"ఇంకా వెయ్యలేదండీ."

"తొట్టె కొని ఎన్నాళ్ళైంది?"

"నెల దాటింది."

ఆవిడ నావంక జాలిగా చూసి, "పోనీలెండి, రాళ్ళు బాగున్నాయి" అంది.

ఆవిడకి నేను చెప్పని సంగతి ఒకటుంది. అప్పటికే ఒకసారి చేపలు వేశాను. రెండూ చచ్చిపోయాయి. మీలో ఎవరైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే నా పొరపాటు మీరు చెయ్యకుండా ఉంటారని ఇప్పుడు చెబుతున్నాను.

మేముండేది ట్యాంపాలో. ఇక్కడి ఫ్లోరిడా అక్వేరియం చూసొచ్చిన రోజు నుంచి మా పాప నీమో కావాలని పట్టుకుంది. నీమో అంటే నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలుండే క్లౌన్ ఫిష్. అది సముద్రపు చేప, మంచినీళ్ళలో బతకదు. ఉప్పునీటి తొట్టె ఎలా పెట్టాలో చూద్దామని కూర్చుని, రాత్రి రెండింటిదాకా చదువుతూనే ఉన్నాను. నేను విశాఖపట్నంలో బీఎస్సీ బీజెడ్‌సీ చేశాను. పెళ్ళై ఇక్కడికొచ్చిన పదకొండేళ్ళలో ఆ చదువుతో పెద్దగా పని పడలేదు. ఆ రాత్రి నైట్రోజన్ వలయం అన్న మాట కనబడగానే పాత క్లాస్‌మేట్ ఎదురైనంత సంతోషం వేసింది.

రీఫ్ తొట్టెకి మూలం చేప కాదు, రాయి. దాన్ని లైవ్ రాక్ అంటారు. రాయికి ప్రాణం ఉండదు. అది ఉత్త సున్నపురాయి, లేదా ఎప్పుడో చనిపోయిన పగడాల అస్థిపంజరం. కానీ దాని నిండా సన్నటి రంధ్రాలు, ఆ రంధ్రాల నిండా బాక్టీరియా ఉంటాయి. పైన గులాబీ, ఊదా రంగుల్లో కోరలైన్ నాచు, స్పాంజీలు, పురుగులు, చిన్న చిన్న రొయ్యలు. చేపల వ్యర్థాల వల్ల తొట్టెలో అమ్మోనియా పుడుతుంది, అది విషం. రాయి మీది బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. రాయి లోపలి పొరల్లో, ఆక్సిజన్ అందని చోట వేరే బాక్టీరియా ఉంటాయి. అవి ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి.

ఇదంతా వీడియో కాల్‌లో మా అమ్మకి చెబితే, "అంటే తోడు లాంటిదన్నమాట" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఉప్పునీళ్ళు పాలైతే లైవ్ రాక్ తోడు. కాకపోతే పెరుగు రాత్రికి రాత్రి తోడుకుంటుంది. ఈ తొట్టెకి నెల, నెలన్నర పడుతుంది.

ఫ్లోరిడా చుట్టుపక్కల సముద్రంలో సహజంగా ఉన్న రాయిని తీసి అమ్మడం 1990ల నుంచి నిషేధం. రాయి పోతే చేపల గూడు పోతుంది, అది మళ్ళీ తయారవడానికి తరాలు పడుతుంది. అందుకని ఇక్కడ రాయిని సాగు చేస్తారు. నేల మీద గనుల్లో తవ్విన సున్నపురాయిని పడవల్లో తీసుకెళ్ళి, లీజుకి తీసుకున్న సముద్రపు అడుగున దింపుతారు. కొన్నేళ్ళు అలా వదిలేస్తే దానికి సముద్రం పడుతుంది. అప్పుడు డైవర్లు దిగి పైకి తెస్తారు. మన వైపు చెరుకు వేసినట్టే, ఇక్కడ రాళ్ళు వేస్తారు. నేను కొన్నది అలాంటిదే, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పెరిగిన రాయి, 40 పౌండ్లు.

తొట్టె 40 గ్యాలన్లది, అంటే 150 లీటర్లు. కుళాయి నీళ్ళు పనికిరావు. వాటిలో క్లోరిన్, ఫాస్ఫేట్, ఒక్కోసారి పైపుల నుంచి రాగి కూడా ఉంటాయి. అందుకే ఆర్వో డీఐ ఫిల్టర్ పట్టిన నీళ్ళలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపాను. లీటరుకి 35 గ్రాముల లెక్కన అయిదు కిలోల పైచిలుకు పట్టింది. సాంద్రత 1.025 దగ్గర, వేడి 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబెట్టాలి. నీళ్ళు ఆవిరైపోతే ఉప్పునీళ్ళు కాదు, ఉప్పు లేని ఫిల్టర్ నీళ్ళే పోయాలి. పులుసు మరిగిన కొద్దీ ఉప్పు తేలుతుంది కదా, అదే లెక్క. ఒకరోజు పూజ దగ్గర అందుబాటులో ఉందని రాగిచెంబుతో పోయబోయి ఆగిపోయాను. చేపలు కాస్త తట్టుకున్నా, నత్తలకీ రొయ్యలకీ పగడాలకీ రాగి కొంచెమైనా విషమే. అప్పటి నుంచి తొట్టెకి వేరే ప్లాస్టిక్ మగ్గు పెట్టాను.

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు రాయి వచ్చింది. పెట్టె విప్పగానే ఇల్లంతా ఎండుచేపల వాసన. దారిలో చచ్చిపోయిన స్పాంజీల వాసన అది. మా ఆయన కిటికీలన్నీ తెరిచి, "రాళ్ళకి డబ్బులిచ్చి మరీ వాసన కొన్నాం" అన్నారు. గ్లౌజులు వేసుకుని, మెత్తబడి కుళ్ళిన భాగాలు ఉప్పునీళ్ళలోనే బ్రష్షుతో రుద్ది తీసేశాను. మంచినీళ్ళతో కడిగితే బతికున్నవి కూడా పోతాయి. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. శుభ్రమవుతుందని ఈ రాళ్ళని ఎప్పుడూ మరిగించకూడదు. కొన్ని రాళ్ళ మీద జోయాంథిడ్ జాతి జీవులుంటాయి. వాటిలో పాలిటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉండొచ్చు. ఆవిరితో అది పీల్చి ఆస్పత్రిపాలైన కుటుంబాలున్నాయి.

ఇక నా పని రోజూ పొద్దున్నే మూడు పరీక్షలు. గాజుగొట్టంలో తొట్టె నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు తిరుగుతుంది. అమ్మోనియా ఉంటే పసుపు నుంచి ఆకుపచ్చకి, నైట్రైట్ ఉంటే లేత నీలం నుంచి ఊదాకి, నైట్రేట్ ఉంటే పసుపు నుంచి ఎరుపుకి. పాప రంగు చెప్పేది, నేను నోటుపుస్తకంలో రాసేదాన్ని. మూడో రోజుకే అమ్మోనియా ముదురాకుపచ్చ. రాయి మీద చచ్చిపోయినవన్నీ కుళ్ళుతున్నాయి కాబట్టి అది మామూలే.

పధ్నాలుగో రోజు పాప పుట్టినరోజు. ఎనిమిది నిండాయి. నీమో ఎప్పుడని అప్పటికి రోజుకి పదిసార్లు అడుగుతోంది. ఆ పొద్దున పుస్తకంలో రాసింది నాకు గుర్తుంది: అమ్మోనియా 1, ఆకుపచ్చ. చేప వెయ్యకూడదని నాకు తెలుసు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. అంత పీహెచ్‌లో అమ్మోనియా విషరూపంలో ఉండే పాలు మామూలు మంచినీటి తొట్టెలో కంటే ఎక్కువ. ఇది డిగ్రీ కెమిస్ట్రీయే. అయినా షాపులో కుర్రాణ్ణి అడిగాను. "బాక్టీరియా సీసా ఒకటి పోసెయ్యండి, ఏం కాదు" అన్నాడు. మా ఆయన్ని అడిగాను. "రోజూ అమ్మేవాడు, వాడికి తెలీదా?" అన్నారు. రెండు క్లౌన్ చేపలు ఇంటికొచ్చాయి. కేక్ కోసిన ఫోటోల్లో వెనకాల అవి కనిపిస్తాయి.

ఆ రాత్రే అవి నీటిపైకి వచ్చి నోరు తెరుచుకుని ఎగశ్వాస తీశాయి. బకెట్లతో ఉప్పునీళ్ళు కలిపి సగం నీళ్ళు మార్చాను. తెల్లారేసరికి ఒకటి పోయింది. మర్నాడు సాయంత్రానికి రెండోదీ పోయింది.

పాప ఏడ్చింది. ఏడుపు ఆగాక నోటుపుస్తకం తీసుకొచ్చి, పేజీ తీసి చూపించింది. "గ్రీన్ అని రాసుంది కదమ్మా. నీకు తెలీదా?"

"తెలుసు. అందరూ ఫర్వాలేదన్నారు."

"వాళ్ళు టెస్ట్ చేశారా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. షాపు కుర్రాణ్ణి గానీ, మా ఆయన్ని గానీ ఏమనగలను? నీళ్ళు పరీక్ష చేసింది నేను ఒక్కదాన్నే. ఇంట్లో తెలిసింది కూడా నాకొక్కదానికే. డిగ్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసేటప్పుడు నేనిలా లేను. గులాబీ రంగు తిరిగిందంటే తిరిగినట్టే. పక్క టేబుల్ వాళ్ళ రీడింగ్ వేరేగా వచ్చినా నాది నేనే రాసేదాన్ని. నాకు తెలిసిన సంగతి కూడా ఇంకొకరి నోటంట విన్నాకే నిజమనుకోవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. ఎవరూ చెయ్యమనలేదు. మెల్లగా అలవాటైపోయింది.

మళ్ళీ మొదట్నుంచి లెక్క. ఈసారి పాపకి ముందే చెప్పేశాను, అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం రోజులపాటు వరసగా సున్నా చూపిస్తేనే చేప అని. ఆ మాట ఫ్రిజ్ మీద రాసి అంటించాం. మధ్యలో మా ఆయన ఒకసారి, "ఇంకెన్నాళ్ళు? ఒక్క చేప వేసి చూద్దామా?" అన్నారు. "వద్దు" అన్నాను. కారణం చెప్పలేదు, పుస్తకం చేతిలో పెట్టాను. పేజీలు తిరగేసి, "సరే, నువ్వు చెప్పినప్పుడే" అన్నారు. ఆ తర్వాత ఆ విషయంలో నన్నే అడుగుతున్నారు.

ఆ ఖాళీ తొట్టెని చూసి నవ్వినవాళ్ళకి రాత్రి చూపించాల్సింది. లైట్లన్నీ ఆర్పి, టార్చికి ఎర్ర సెలోఫేన్ కట్టి చూసేవాళ్ళం. సముద్రజీవుల్లో చాలావాటికి ఎరుపు సరిగా ఆనదు కాబట్టి అవి దాక్కోవు. రాయి రంధ్రాల్లోంచి విసనకర్రల్లాంటి ఫెదర్ డస్టర్ పురుగులు తెరుచుకునేవి. బ్రిసిల్ వర్మ్‌లు పాకేవి. ఒకరాత్రి తొట్టెలోంచి 'టక్' మని చప్పుడు. గాజు పగులుతోందని మా ఆయన తువ్వాళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తీరా అది పిస్టల్ ష్రింప్ అనే బుల్లి రొయ్య. పెద్ద డెక్కని మూసే వేగానికి నీళ్ళలో బుడగ పుట్టి పేలుతుంది, ఆ చప్పుడే. రాయితోపాటు సముద్రంలోంచి వచ్చి, అమ్మోనియాని తట్టుకుని కూడా బతికింది.

పరీక్షలు సున్నా చూపించడం మొదలయ్యాక తొట్టెలో బాక్టీరియా పస్తుండకూడదని రోజూ చిటికెడు చేపల మేత వేసేదాన్ని. "ఎవరికీ నైవేద్యం?" అనేవారు మా ఆయన. ఆ మధ్యలోనే ఇసుకంతా గోధుమరంగు పొర కమ్మింది. డయాటమ్‌లు అవి, కొత్త తొట్టెలన్నింటికీ వస్తాయి. రసాయనాలేవీ పోయకుండా, ముందు నత్తల్ని దింపాను. రెండు వారాల్లో ఇసుక మళ్ళీ తెల్లబడింది.

మార్చి రెండో వారంలో రెండు క్లౌన్ చేపలు తెచ్చాం. సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. ఈ చేపలన్నీ మగవిగానే ఎదుగుతాయి. జంటలో పెద్దది తర్వాత ఆడదవుతుంది. ఆడది పోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది. పాపకి ఇది చెబితే, రెండింట్లో అమ్మ ఎవరో తేలేదాకా పేర్లు పెట్టనంది. ఇప్పుడు ఒకటి స్పష్టంగా పెద్దదైంది. ఈ మధ్యే మెత్తటి పగడం ఒకటి కూడా పెట్టాను. నోటుపుస్తకం పాప చేతికి మారింది. నేను చుక్కలు వేస్తే, తన వంకర అక్షరాల్లో తనే రాస్తోంది.

పోయినవారం ఆ పాట్‌లక్ ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి కోసం ఉప్పునీటి తొట్టె కొన్నారట. వారం రోజుల్లో చేపలు వేసుకోవచ్చని షాపులో చెప్పారట. "ఏమంటారు?" అంది.

"అమ్మోనియా ఎంతుందండీ?"

"అది చూడాలా?"

ఆ సాయంత్రమే నేనూ పాపా టెస్ట్ కిట్టూ పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి బయల్దేరాం.