ఏ మాయాబజార్?

హార్డ్‌డిస్కులో మూలుగుతున్న సినిమాలకు ఓ పద్దు ఉండాలని కోడి అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఫైలు పేరు చూసి పోస్టరు, తారాగణం, కథాసారం అదే తెచ్చిపెడుతుంది. కాకపోతే ఉత్త ‘దేవదాసు’ అంటే చాలదు, పక్కన సంవత్సరం ఉండాలి. 1953 అంటే అక్కినేని, 1974 అంటే కృష్ణ, 2006 అంటే రామ్. బాగానే ఉంది.

తంటా అంతా ‘మాయాబజార్’తోనే. కె.వి.రెడ్డి దాన్ని 1957లోనే తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. పేరూ ఒకటే, ఏడాదీ ఒకటే! పైగా 2010లో తెలుగుది రంగులద్దుకుని మళ్లీ వచ్చింది. దానికి వేరే గడి ఇవ్వాలా? నేనైతే ఇవ్వను. నలుపు తెలుపుల్లో చూసిన ఎస్వీఆర్ ఘటోత్కచుడికి రంగులెందుకండీ?

ఇంతకీ ఈ సర్దుడు మొదలయ్యాక సినిమాలు చూడటం తగ్గింది. పోస్టర్లు మార్చేసరికే నిద్ర ముంచుకొస్తోంది.