హెవీ మెటలూ, మా పూండి యాసా

మొన్నామధ్య ఆఫీసు క్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల ఊపుతుంటే పక్కనున్న టీమ్‌మేట్ "ఏం భాష బాబూ అది?" అన్నాడు. మావోరీ అన్నాను. నవ్వాడు.

న్యూజిలాండ్ బ్యాండ్, పేరు ఏలియన్ వెపనరీ. త్రాష్ మెటల్. హెన్రీ, లూయిస్ డి యాంగ్ అని అన్నదమ్ములు. 2018లో 'టూ' అనే ఆల్బమ్ వచ్చేసరికి ఇంకా టీనేజ్ కుర్రాళ్ళే. 1864లో ఇంగ్లీషు సైన్యంతో తమ పూర్వీకులు చేసిన యుద్ధం గురించి ఒక పాట, 1863 చట్టంతో భూములు లాక్కోవడం గురించి ఇంకోటి. ఒకప్పుడు అక్కడ బళ్ళో మావోరీ మాట్లాడితే పిల్లల్ని కొట్టేవారట. 1987లో గానీ అది అధికార భాష కాలేదు. ఇప్పుడు అదే భాషలో ఈ కుర్రాళ్ళు గొంతు చించుకుంటుంటే యూరప్ జనం ఊగిపోతున్నారు.

మమ్మల్నెవరూ కొట్టలేదు లెండి. నవ్వారంతే. ఇంజనీరింగ్ మొదటి వారంలో "ఏటి" అన్నందుకు నాలుగేళ్ళూ హాస్టల్లో నా పేరు 'ఏటి'. సినిమాల్లో కూడా మా యాస కమెడియన్‌కే కదా! రెండో సెమిస్టర్‌కల్లా శుభ్రంగా "ఏంటి" అనడం నేర్చేసుకున్నాను.

పోనీ మాకు పాట లేదా అంటే, జముకు ఉంది. ఒకవైపు తోలు బిగించి, మధ్యలోంచి నరం లాగి మీటుతారు. డిస్టార్షన్ పెడల్ అక్కర్లేదు :) మా పలాస దగ్గర బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి 1960ల్లో ఆ జముకులకథనే భూమి కోసం జరిగిన పోరాటంలోకి తీసుకెళ్ళారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయారు. ఆయన రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, అది వేరే టపా. కానీ మా మాటని ఎవరూ నవ్వకుండా వినిపించిన మనిషి. 2010 జూలైలో సోంపేట బీల నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినప్పుడు నేను ఏడో క్లాసు. దాని మీద నాకొచ్చిన పాట ఒక్కటీ లేదు. 1864 గేట్ పా యుద్ధం మీద పాట మాత్రం మొత్తం నోటికొచ్చు.

ఇదంతా టీమ్‌మేట్‌కి ఆవేశంగా చెప్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీటింగ్‌లో ఉన్నానమ్మా, తర్వాత చేస్తాను" అన్నాను, నెమ్మదిగా, మంచి తెలుగులో.

రాత్రి చేశాను. "పనెక్కువేటిరా నాయనా?" అంది. జీడిపిక్కలు ఎండబెట్టారట, వాన వచ్చేలా ఉందట.