చక్కెర లేని చెన్నపట్నం

చెన్నపట్నంలో చిరకాలంగా కాపురముంటున్నవారు దారి చెప్పే పద్ధతి వొకటి వున్నది. ఫలానా మిఠాయి దుకాణం దాటి యెడమ చేతికి తిరగండి, ఫలానా కాఫీ హోటలు యెదుటి సందు అంటారు. నలభై యేళ్ళ కాపురంలో మేమూ అలాగే చెపుతూ వచ్చాము. నిరుడు వినాయక చవితి వెళ్ళిన వారానికి మాలో వొకరికి చక్కెర జబ్బు అని తేలింది. యెవరికో చెప్పము. చెప్పరాదని మాలో మాకు వొడంబడిక. యెందుకంటే ఆ నాటినుంచీ పథ్యం యిద్దరిదీను.

పరగడుపున చేసే పరీక్షలో 126 దాటితే జబ్బు కింద లెక్కట. మా కాగితంలో 212 అని వున్నది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.5 హద్దు అయితే మాది 9.4. అంకెలకు మేము అంతగా బెదరలేదు గాని, కంటి పరీక్షకు వెళ్ళినప్పుడు మాత్రం నోట మాట రాలేదు. కంటి వెనుక పొరలో సన్నని రక్తపు చుక్కలు రెండు కనిపించాయన్నారు. "యిప్పటికి చూపుకేమీ భయం లేదు. చక్కెర అదుపులో వుంటే యివి యిక్కడితో ఆగవచ్చు" అన్నారు డాక్టరుగారు. ఆ "వచ్చు" అనే మాటనే మేము యింటికి మోసుకు వచ్చాము. రాత్రి భోజనాలయ్యాక వొకరు పుస్తకం చదువుతూవుంటే వొకరు వినటం మా యింటి ఆచారం. యిష్టంకొద్దీ వినటం వేరు, గతిలేక వినటం వేరు గదా!

వంటింటి సంగతి త్వరగా చెప్పి వీధిలోకి వస్తాము. రోజుకు తలా నాలుగు కాఫీలు, కాఫీకి రెండేసి చెంచాలు, చెంచాకు అయిదు గ్రాములు. లెక్క వేస్తే మనిషికి నెలకు కిలోంబావు పంచదార కాఫీతోనే పోతున్నది! చక్కెర డబ్బా కడిగి మెంతులు పోశాము. బెల్లం మంచిదే గదా, తేనె మందే గదా అని కొన్నాళ్ళు మమ్మల్ని మేమే మభ్యపెట్టుకున్నాము. రక్తంలో కలిశాక వాటికీ చక్కెరకూ పెద్ద భేదం లేదని డాక్టరుగారు తేల్చేశారు. తెల్లన్నం కూడా అరిగితే చక్కెరేనట. అన్నం గుప్పెడయింది, పక్కన బీరకాయ, గోంగూర, పెసరట్టు పెద్దరికం సంపాదించాయి.

అసలు పరీక్ష గడప దాటితే మొదలవుతుంది. మొదటిసారి త్యాగరాయనగరం వెళ్ళాము. పానగల్ పార్కు చుట్టూ యెన్ని దుకాణాలు! 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధాని మంత్రివర్గాన్ని నడిపిన పానగల్ రాజావారు మనవారే. వారి పేరిట వెలసిన తోట పక్కన నిలబడితే, నేతిలో వేగే మైసూరుపాకు వాసన యెటునుంచి వస్తున్నదో కళ్ళు మూసుకుని చెప్పగలము. "చక్కెర లేనివి" అని అట్టమీద అచ్చువేసిన మిఠాయిలు కూడా వున్నాయి. చక్కెర లేదు, నిజమే, కాని నెయ్యీ పిండీ యథాతథంగా వున్నాయి. వాటిని చూసి ఆశపడి, ధర చూసి యిక్కడే వదిలేశాము.

కాఫీ హోటలులో యెలా అడగాలో తెలియక గొణుగుతూవుంటే, వడ్డించే కుర్రవాడు మా వాలకం చూసి, "రెండు వితౌటా?" అని లోపలికి కేక వేశాడు. "వితౌట్" అంటే యీ వూళ్ళో చక్కెర లేని కాఫీ. యేమి లేకుండానో చెప్పనక్కరలేదు. ఆ కేకకు పక్క బల్లమీది పెద్దాయన తల యెత్తి, తన గ్లాసు కొంచెం పైకి లేపి చిరునవ్వు నవ్వారు. ఆయనదీ వితౌటే. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షలమందికి యీ జబ్బు వున్నదట. ఆ లెక్క మాకు పెద్దాయన నవ్వులో అర్థమయింది.

కార్తీకమాసంలో మా అన్నగారి మనుమరాలి పెళ్ళి బట్టలకని షావుకారుపేట వెళ్ళాము. తంకసాల వీధిలో నడవటం అంటే జిలేబీ బాండీల మధ్యనుంచి నడవటమే. చీరలు చూస్తూ వుండగా మాలో వొకరు చిల్లర తెస్తానని వెళ్ళి పావుగంటకు వచ్చారు. చేతిరుమాలుకు పాకం మరక! తిన్నది జబ్బు వున్నవారా, లేనివారా అన్నది కూడా చెప్పము. యింటిదాకా ఆటోలో మాట లేదు. రాత్రి పుస్తకం తెరవలేదు. తెల్లవారి కాఫీ దగ్గర రెండవవారు మెల్లిగా, "పోయిన వారం నేనూ దొంగతనంగా వొక లడ్డు తిన్నాను" అని వొప్పుకున్నారు. నవ్వు రాలేదు. వొకరి చాటున వొకరం తింటే ఆ చుక్కలు యెవరికోసం ఆగుతాయి? ఆ రోజునుంచి తినబుద్ధి పుడితే పైకి చెప్పటం అని నియమం పెట్టుకున్నాము. చెపితే చాలాసార్లు కోరిక అక్కడికక్కడే చల్లారుతుంది.

యీ జబ్బు వైద్యానికి మన వూరు దేశంలోనే ముందు నడిచిందని మాకు యీ పథ్యం వల్లనే తెలిసింది. 1948లో స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ గారు దీనికని ప్రత్యేక విభాగం ప్రారంభించారు. 1954లో రాయపురంలో సొంత ఆసుపత్రి నెలకొల్పారు. ధాన్యం, పప్పు తినే మన జనానికి అన్నం పూర్తిగా మానిపించక, పీచు యెక్కువగా వుండే పథ్యాన్ని ఆయన ప్రచారంలోకి తెచ్చారు. జొన్నలు, పొట్టుతో వున్న పప్పు, ఆకుకూరలు మా విస్తట్లోకి యే దారిన వచ్చాయో యిప్పుడు తెలిసింది.

వుదయం నడక లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో. ఆంధ్రపత్రికను, అమృతాంజనాన్ని మనకిచ్చిన దేశోద్ధారకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు వినగానే మాకు తలనొప్పి సగం తగ్గుతుంది. తోట చిన్నదే, చెట్ల నీడ మాత్రం పెద్దది. నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయట. ఆ కండరాల శక్తి రహస్యాన్ని విప్పినవారిలో వొకరు మన భీమవరంలో పుట్టి, యీ వూరి వైద్య కళాశాలలో చదివిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1920ల చివర ఫిస్కే అనే ఆయనతో కలిసి హార్వర్డులో చేసిన పని అది. మోకాళ్ళు మొరాయించినప్పుడు ఆయన్ని తలుచుకుని యింకొక చుట్టు తిరుగుతాము.

వొక్కొక్కప్పుడు రాయపేట హైరోడ్డు మీదుగా యింటికి వస్తాము. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న దీక్ష పూని, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచిన యిల్లు ఆ దారిలోనే వున్నది. ఆ గుమ్మం ముందు మాత్రం కాఫీలో చక్కెర లేదన్న మాట మేము యెత్తము.

ధనుర్మాసంలో తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి కోవెలకు వెళ్ళాము. నేతితో మెరుస్తున్న చక్కెరపొంగలి దొన్నెలో పెట్టి యిచ్చారు. ప్రసాదం వద్దనటానికి నోరు రాలేదు. యిద్దరం చెరొక నాలుగు మెతుకులు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, తక్కినది పక్కనున్న పిల్లవాడికి యిచ్చాము. వాడు దొన్నె నాకి, మళ్ళీ మావైపే చూస్తూ నిలబడ్డాడు.

సంక్రాంతి వెళ్ళాక పరీక్ష చేయిస్తే 9.4 కాస్తా 7.3 అయింది. కంటి డాక్టరుగారు చుక్కలు పెరగలేదన్నారు. "పోయాయా?" అని అడిగితే, "పెరగలేదు" అని మళ్ళీ అన్నారు. ఆరు నెలల తరువాత రమ్మన్నారు.

మరునాడే రాజమండ్రినుంచి పిన్ని దిగింది. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. "వొక్కటి తింటే యేమవుతుందర్రా, బెల్లంవేలే!" అన్నది. యిద్దరం నియమం ప్రకారం పైకే చెప్పుకున్నాము: తినాలని వున్నది. పిన్ని మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు డబ్బా మేడమీది వారింటికి పంపించాము. సాయంత్రానికి అది గుగ్గిళ్ళతో నిండి తిరిగి వచ్చింది. ముందుగా గుప్పెడు తీసుకున్నది పిన్నే.