ఆటలో అరటిపండ్లు

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో మొదటి తెర మహా మర్యాదస్తురాలు. యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు, దొంగ, వేటగాడు అందరూ ఒకే వెలుగులో, ఒకే ఠీవితో నిలబడి ఉంటారు. నీ ఇష్టం, ఎవరినైనా ఎంచుకో అంటుంది. అందులో అబద్ధం లేదు కానీ సగం మాటే ఉంది. ఎంచుకోవడం మన చేతిలో పని. మనల్ని ఎంచుకోవడం అవతలివాళ్ల చేతిలో పని. గుంపు కట్టనిదే అడుగు ముందుకు పడని చోటికి చేరాక గానీ ఆ రెండో సగం తెలిసిరాదు. అక్కడ చాట్‌లో కేకలు వినిపిస్తుంటాయి: ట్యాంక్ కావాలి, హీలర్ కావాలి, మేజ్ ఉంటే రండి. మనం ఎంచుకున్న పాత్ర, అంటే మన క్లాస్ పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

ఇలాంటి నిర్భాగ్యులు ప్రతి ఆటలోనూ ఉన్నారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో వారియర్, క్లెరిక్, ఎన్‌చాంటర్ ముగ్గురూ దొరికితే గుంపు కుదిరినట్టే. రేంజర్ మాత్రం జోకులకు పనికొచ్చేవాడు. ఆ ఆటలో కొన్ని క్లాసులకు క్షణంలో స్వస్థలం చేర్చే మంత్రం ఉంటుంది. రేంజర్‌కి మంత్రమెందుకు, చస్తే చాలు, అక్కడే లేస్తాడు కదా అని వెక్కిరించేవాళ్లు. ఫైనల్ ఫాంటసీ 11లో బీస్ట్‌మాస్టర్‌ది మరో దారి. పిలిచేవాళ్లు లేరు కాబట్టి, ఒక మృగాన్ని మచ్చిక చేసుకుని, దాన్ని ఇంకో మృగం మీదికి ఉసిగొల్పి, ఒంటరిగానే లెవెళ్లు ఎక్కేవాడు.

నాకు బాగా తెలిసిన నిర్భాగ్యుడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని డ్రూయిడ్. 2004 నవంబర్‌లో ఆట మొదలైనప్పుడు ఉన్న 9 క్లాసుల్లో ఇతనొకడు. ఎలుగుబంటిగా మారి దెబ్బలు కాస్తాడు, పెద్దపులి లాంటి పిల్లిగా మారి చీలుస్తాడు, మంత్రాలు విసురుతాడు, వైద్యం చేస్తాడు. నేనూ డ్రూయిడ్‌నే ఎంచుకున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఒక్కటే: ఎలుగుబంటి అవ్వొచ్చు కాబట్టి. ఇంతకంటే గట్టి కారణం ఉండాలని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

కానీ పెద్ద గుంపు కట్టి చేసే దాడికి, అంటే రెయిడ్‌కి, నాయకుడైనవాడికి అది కారణం కాదు. నాలుగు పనులు వచ్చినవాణ్ణి చూస్తే అతనికి పుట్టే ప్రశ్న ఒక్కటే: వీటిలో అందరికంటే బాగా ఏది చేస్తావు? దానికి ఆనాటి డ్రూయిడ్ దగ్గర సమాధానం లేదు. ఒకే పని తెలిసిన క్లాసుల కంటే పలు పనులు తెలిసినవాళ్లు కాస్త తక్కువగానే కొట్టాలని ఆట రూపకర్తలే అనుకున్నారు. ఆటగాళ్లు దానికి హైబ్రిడ్ పన్ను అని పేరు పెట్టుకున్నారు. స్టార్మ్‌రేజ్ అని డ్రూయిడ్ల కోసమే చేసిన రెయిడ్ దుస్తుల మీద కూడా వైద్యానికి పనికొచ్చే గుణాలే కుట్టి ఉంటాయి. అంటే నువ్వెవరివో నీకంటే ముందు దర్జీకి తెలుసన్నమాట.

సరే, వైద్యుడిగానే వెళదామంటే అక్కడా చిక్కే. యుద్ధం ముగిశాక చనిపోయినవాళ్లను వరసగా లేపగల మంత్రం ప్రీస్ట్‌కి ఉంది, పాలడిన్‌కి ఉంది, షామన్‌కి ఉంది. అప్పట్లో డ్రూయిడ్‌కి ఉన్నది అరగంటకొకసారి ఒక్కణ్ణి లేపే మంత్రం మాత్రమే. యుద్ధం నడుస్తుండగానే లేపగలడు, అది అతని గొప్ప. కానీ అయిదుగురి గుంపులో నలుగురు పడిపోతే ఆ గొప్ప దేనికి? చివరికి రెయిడ్‌లో అతనికి మిగిలిన ఉద్యోగం, తన మానా, అంటే మంత్రశక్తి, నింపుకునే మంత్రాన్ని తాను వాడుకోకుండా పక్కనున్న ప్రీస్ట్ మీద వేయడం.

ఈ వెలి వెనక ద్వేషం కంటే లెక్క ఎక్కువ. మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లో 40 మందికి చోటుంటుంది. బాస్ ఒంటి మీద ఒకేసారి నిలిచే శాపాలు, విషాలు, నెత్తుటి గాయాలు మాత్రం ఆ రోజుల్లో మొదట 8, తర్వాత 16. ఆ హద్దు దాటి ఇంకొకటి పడితే ముందున్నది ఊడిపోయేది. ఊడిపోయింది అందరి దెబ్బ బలాన్నీ పెంచే శాపమైతే, నీ పిల్లి పెట్టిన గాయం గుంపుకు చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. అందుకే పిల్లి డ్రూయిడ్‌ని గాయం పెట్టకుండా కొట్టమనేవాళ్లు. శాపాలే బతుకుతెరువైన వార్‌లాక్‌ని కూడా అన్నీ వేయవద్దనేవాళ్లు. ఆటలోకి రా, ఆడకు అన్నట్టు. మనవాళ్లు పిల్లల ఆటల్లో మారాం చేసే బుడ్డోణ్ణి ఊరుకోబెట్టడానికి ఇచ్చే హోదా సరిగ్గా ఇదే.

ఇక్కడే ఇంకో విడ్డూరం ఉంది. క్లాస్‌కి జనాదరణ లేకపోవడం రెండు రకాలు. ఒకటి, పిలిచేవాళ్లు లేని క్లాస్. రెండోది, అందరూ పిలిచేదే గానీ ఎవరూ నెత్తిన వేసుకోని బాధ్యత. దెబ్బలు కాచే ట్యాంక్, వైద్యం చేసే హీలర్ ఈ రెండో రకం. అయిదుగురి గుంపులో ట్యాంక్ ఒకడు, హీలర్ ఒకడు, కొట్టేవాళ్లు ముగ్గురు. కొట్టే ముగ్గురిలో ఒకడు మధ్యలో లేచి టీ పెట్టుకుని వచ్చినా బండి నడుస్తుంది. ట్యాంక్ ఒక మలుపులో తడబడితే అయిదుగురూ చస్తారు, తప్పు ఎవరిదో నలుగురికీ తెలుస్తుంది. 2009 డిసెంబర్‌లో వార్‌క్రాఫ్ట్‌లో గుంపుల్ని ఆటే కూర్చే సదుపాయం వచ్చాక ఈ కొరత అందరికీ కళ్లకు కట్టింది. కొట్టేవాళ్లు వరసలో నిలబడి ఎదురుచూస్తుంటే ట్యాంక్‌కి మాత్రం దాదాపు అడిగిన వెంటనే పిలుపు వచ్చేది. 2011లో ఆ ఆటను చేసిన కంపెనీ, ఏ పాత్రకు కొరత ఉందో ఆ పాత్రలో వచ్చేవాళ్లకు సొమ్ములున్న సంచి ఇవ్వడం మొదలుపెట్టింది. ఫైనల్ ఫాంటసీ 14 కూడా కొరత ఉన్న పాత్రకు అదనపు కానుక ఇస్తుంది. కొందరిని రావద్దని తలుపు వేస్తారు, కొందరిని డబ్బిచ్చి పిలుస్తారు. రెండింటికీ మూలం ఒక్కటే: ఎవరి పని ఎంత కనబడుతుందన్నది.

ఈ కనబడటాన్ని శాసించేది మీటర్. ఎవరు ఎంత కొట్టారో వరసగా రంగుల పట్టీలతో చూపించే చిన్న పెట్టె అది. ప్రీస్ట్‌కి ఇచ్చిన మానా అందులో రాదు. సరైన సమయంలో లేపిన శవం అందులో రాదు. 2023 జూలైలో వార్‌క్రాఫ్ట్‌లో ఎవోకర్ క్లాస్‌కి ఆగ్‌మెంటేషన్ అనే శాఖ వచ్చింది. దాని పని తాను కొట్టడం కంటే ఇతరుల దెబ్బకు బలం పోయడం. మొదట ఆ బలమంతా మీటర్లో ఇతరుల ఖాతాలోనే పడింది. తర్వాత లెక్కలు కట్టేవాళ్లు ఎవరి దెబ్బలో ఇతని వాటా ఎంతో విడదీసి చూపే ఏర్పాటు చేసుకున్నారు. చూపగానే పెద్ద పెద్ద గుంపులన్నిటికీ అతను తప్పనిసరి అయిపోయాడు, ఆపైన బలం తగ్గించమని గోల మొదలైంది. లెక్కకు అందనంతవరకు లోకువ, అందాక అసూయ.

మరి, పిలవరని తెలిసీ ఆ క్లాసుల్లోకి వెళ్లేవాళ్లెవరు? నేను చూసినంతలో వాళ్లు అమాయకులు కారు. కొరియా నుంచి వచ్చిన రాగ్నరాక్ ఆన్‌లైన్‌కి మన దేశంలోనూ కొంతకాలం ప్రత్యేక సర్వర్ నడిచింది. అందులో సూపర్ నోవిస్ అని ఒక క్లాస్ ఉంది. అందరూ జాబ్ లెవెల్ 10కి చేరగానే కత్తిసాము, మంత్రవిద్య, ఏదో ఒక కొలువులో చేరిపోతారు. వీడు ఎక్కడా చేరకుండా, అదే అర్భక శరీరంతో 45వ లెవెల్ దాకా ఈదుతాడు. ఈదాక దక్కేది మొదటి అంచె కొలువుల విద్యలన్నీ తలా కాస్త నేర్చుకునే అవకాశం, ఒక దెబ్బకు రాలిపోయే ప్రాణం, ఒక కావలి దేవదూత. అనుభవం పదేసి శాతం నిండే ఘట్టంలో చాట్‌లో తన పేరు చెప్పుకుని ఆ దేవదూతకు మొర పెట్టుకుంటే కాసేపు ఆవేశం పూనుతుంది. ఆ మొర టైపు చేస్తున్నవాడు ఆటలో గెలవాలని వచ్చాడని ఎవరూ అనుకోరు. వాడు ఆడుతున్న ఆట వేరు.

వాళ్ల ఆట వేరు కాబట్టే వాళ్లకు వేరే సంగతులు తెలుస్తాయి. 2019 ఆగస్టులో వార్‌క్రాఫ్ట్ పాత రూపాన్ని క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచారు. లెక్కలన్నీ 2006 నాటివే, డ్రూయిడ్ బలంలో మార్పు లేదు. మారింది ఆడేవాళ్ల తెలివి. పిల్లి రూపం నుంచి మనిషి రూపానికి వచ్చి వెంటనే మళ్లీ పిల్లి అయితే, తగిన నైపుణ్యం ఉన్నవాడికి 40 ఎనర్జీ, తల మీద వుల్ఫ్స్‌హెడ్ హెల్మ్ ఉంటే ఇంకో 20 చేతికొస్తాయి. మానా ఉన్నంతసేపు మారుతూ, కొడుతూ ఉండటమే. దానికి తోడు నోమ్‌రెగన్ అనే చిన్న లెవెళ్ల డంజన్‌లో ఒక యంత్రం దగ్గర దొరికే మాన్యువల్ క్రౌడ్ పమెలర్ అనే గద. అర నిమిషం పాటు దాడి వేగాన్ని సగం పెంచుతుంది. కాకపోతే ఒక్కో గద మూడుసార్లే పనిచేస్తుంది. అందుకని డ్రూయిడ్లు రెయిడ్‌కి ముందు ఆ డంజన్‌ను మళ్లీ మళ్లీ ఊడ్చి, సంచీ నిండా గదలు పోగేసుకుని వచ్చేవాళ్లు. వారియర్ వచ్చి కొట్టి వెళ్లిపోతాడు. డ్రూయిడ్ అతని పక్కన నిలబడే అర్హత కోసం ముందు రోజంతా కూలి చేస్తాడు. ఇదంతా ఆటను చేసినవాళ్లు రాసిపెట్టిన దారి కాదు, బయట నిలబెట్టబడినవాళ్లు గోడలో వెతికి పట్టుకున్న సందు.

అయితే గోడే కూలిపోతే? అదీ జరిగింది. ఆట మొదలైన నాటి నుంచి పాలడిన్లలో రెట్రిబ్యూషన్ శాఖది డ్రూయిడ్ బతుకే. కొట్టడానికి కత్తి పడితే నవ్వి, పో, ఆశీర్వాదాలు పెట్టుకో అనేవాళ్లు. 2008 చివర్లో ఒక మార్పుతో వాళ్లు ఒక్కసారిగా అందరినీ చితక్కొట్టే స్థితికి వచ్చారు. ఎక్కడ చూసినా వాళ్లే. కొద్దికాలానికే బలం కోసేశారు. నాలుగేళ్లు పంటి బిగువున ఆడిన పాత పాలడిన్‌కి ఆ కొద్దిరోజుల్లో దక్కింది కొత్త రకం తిట్లు. నిన్న బలం చూసి వచ్చినవాళ్లతో పాటు అతన్నీ ఒక్క గాటనే కట్టేశారు.

అతను పోగొట్టుకున్నది ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో ఒక్కో సర్వర్ ఒక్కో ఊరు. కత్తి పట్టుకుని రెయిడ్ గుమ్మంలో నిలబడే పాలడిన్లు ఊరికి ఇద్దరో ముగ్గురో. గిల్డులో ఒకడు పిల్లి డ్రూయిడ్ అయితే సర్వర్ సగానికి అతని పేరు తెలుసు, ఎగతాళికైనా సరే. మేజ్‌ని ఎవరూ పేరుతో అడగరు, ఒక మేజ్ కావాలంటారు, ఎవరైనా ఫర్వాలేదు. లెక్కల్లో మేజ్ విలువ ఎక్కువే. కానీ అతను రాకపోతే ఇంకో మేజ్ వస్తాడు, డ్రూయిడ్ రాకపోతే అందరూ అతన్నే తలుచుకుంటారు. క్లాసులన్నిటినీ సమానం చేయాలని కంపెనీలు పడే శ్రమ న్యాయమైనదే, ఏ ఆటగాడూ కాదనడు. నేనూ కాదనను. ఎవరూ పిలవని క్లాస్‌ని మాత్రం ఈసారీ వదలను.