భట్టిప్రోలు పెట్టెల మీది రాత

కబుర్లకు కూర్చున్నాం కదా, ఇవాళ భట్టిప్రోలు సంగతి చెబుతాను. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలోని ఊరు. అక్కడ విక్రమార్క కోట దిబ్బ అని పిలుచుకున్న మట్టిగుట్ట నిజానికి బౌద్ధ స్తూపం. పంతొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్లకూ, పాలరాళ్లు వెల్లటూరు తూముకూ తరలిపోయాయి. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అదృష్టం కొద్దీ స్తూపం గర్భం మిగిలింది. 1892లో అలెగ్జాండర్ రే తవ్విస్తే అందులో మూడు రాతి పెట్టెలు దొరికాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు, ధాతువులు, అంటే పవిత్ర అవశేషాలు. పెట్టెల మీద రాత! రెండువేల ఏళ్ల పైమాటే.

చూడబోతే అశోకుడి బ్రాహ్మికి చుట్టమే. బ్రాహ్మిని 1837 నాటికే జేమ్స్ ప్రిన్సెప్ చదివేశాడు. అయినా ఇక్కడ ఘ, జ, మ, ల వంటి అక్షరాల రూపం వేరు. ఇంకో తిరకాసుంది చూడండి. అశోకుడి శాసనాల్లో హల్లు పక్కన చిన్న గీత ఉంటే దీర్ఘం, ‘కా’. భట్టిప్రోలులో ఉత్త ‘క’ రాయడానికే ఆ గీత కావాలి. మన తలకట్టు చేసే పని అదే కదండీ! ఆ గీతే తలకట్టయిందని అనను గానీ, ఈ పోలిక నాకు భలే ఇష్టం.

ముడి విప్పింది వియన్నాలోని జార్జ్ బ్యూలర్. ఆ రాత భాష ప్రాకృతం, అది ఆయనకు కరతలామలకం. గీతలన్నీ దీర్ఘాలనుకుంటే మాటలు పొసగవు, హ్రస్వాలనుకుంటే ఇట్టే కుదురుతాయి. భాష తెలియడంలో ఉన్న బలం అది.

ఆ బలం లేకపోతే ఏమవుతుందో క్రీట్ దీవిలో చూడండి. అక్కడి ప్రాచీన ప్రజలైన మినోవన్లు పూజల్లో వాడిన రాతి అర్పణ పీఠాల మీద లీనియర్ ఎ లిపిలో మాటలు చెక్కారు. ఒకే మాటల వరస చాలాచోట్ల మళ్లీ మళ్లీ వస్తుంది. 1952లో మైకేల్ వెంట్రిస్ దాని తర్వాతి లిపి లీనియర్ బిని ఛేదించి, అది పాత గ్రీకని తేల్చాడు. ఆ శబ్దాలతో లీనియర్ ఎని చాలామటుకు పైకి పలకొచ్చు. అర్థమే చిక్కదు. ఆ భాషకు తెలిసిన చుట్టాలు లేరు. దేవతను పిలిచారో, తమ పేర్లే రాసుకున్నారో! అంత శ్రద్ధగా చెక్కిన మాట అలా ఉండిపోవడం నాకు నిజంగా బాధ.

భట్టిప్రోలు వాళ్ల మాట మాత్రం మనకు దక్కింది. గోష్ఠి అనే సంఘం సభ్యుల పేర్లున్నాయి, కుబిరకుడనే రాజు పేరుంది. ఒక పెట్టెనూ స్ఫటికపు భరిణెనూ బుద్ధుడి ధాతువుల కోసం చేయించినవాళ్లు నలుగురు: కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. ఆ వాక్యంలో తల్లిదండ్రులు తమ పేర్లు రాయించుకోలేదు. కొడుకు పేరే చాలనుకున్నారు.