కింద నిప్పు... పైన నిప్పు... నడుమ తాటిరొట్టె!

'మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు' అంటారు. ఆ సామెత కట్టినవాళ్లు నక్క బాధ చూశారు కానీ పండు రుచి చూసినట్టు లేదు. విజయనగరం జిల్లా గరివిడి చుట్టుపక్కల పల్లెల్లో తాటిపండు పడటం కష్టం కాదు, కబురు! భాద్రపద మాసంలో ఆ చప్పుడు వినిపించిందంటే అటక మీది రొట్టెగిన్నె కిందికి దిగే వేళయిందన్నమాట.

గరివిడి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రొట్టె కాదు, మాంగనీసు. మనదేశంలో మాంగనీసు తవ్వకాలు 1892లో మొదలైంది అప్పటి విశాఖపట్నం జిల్లాలో, ఈ నేలలోనే. పక్కనున్న కోడూరులో దొరికిన ఒక అరుదైన రాతికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ ఆ ఊరి పేరు మీదే 'కోడూరైట్' అని పేరు పెట్టారు. ఆయన 1909లో మనదేశపు మాంగనీసు నిక్షేపాల మీద వెలువరించిన పెద్ద గ్రంథంలో ఈ గనులకు ప్రత్యేక స్థానం ఉంది. గర్భాం గని విశాఖ ఉక్కు కర్మాగారానికి మాంగనీసు అందించింది. ఇక 1950ల ద్వితీయార్ధంలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చాక ఊరి రూపమే మారిపోయింది. జనం నోట్లో అది 'ఫేకర్'. దాని కోసం వెలసిన కాలనీ శ్రీరాంనగర్. ఖనిజాన్ని 1,400 డిగ్రీలకు పైబడిన వేడిలో కరిగించే కొలిముల వల్ల గరివిడి దేశమంతటికీ తెలిసింది.

కానీ అదే ఊరి పొలిమేరల్లో ఇంకో రకం నిప్పు కూడా ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు. గుప్పెడు బొగ్గులు, ఒక గంట ఓపిక చాలు. ఆ నిప్పు మీద కాలేదే తాటిరొట్టె.

రైలు కిటికీలోంచే కనిపిస్తాయి

విజయనగరంలో శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కితే నెల్లిమర్ల దాటాక గరివిడి, ఆ తర్వాత చీపురుపల్లి వస్తాయి. రోడ్డు మీదైతే పాలకొండ బస్సు ఎక్కితే సరి. గుర్ల దాటి వెళుతుంటే దారి పొడవునా ఎర్రమట్టి, వరిమళ్లు, గట్ల మీద బారులు తీరిన తాళ్లు. ఈ చెట్లలో చాలావాటిని ఎవరూ పనిగట్టుకుని నాటలేదు. తిని పారేసిన టెంకల నుంచి వాటంతటవే లేచాయి. నీళ్లు పెట్టినవాళ్లు లేరు, ఎరువు వేసినవాళ్లు లేరు.

అలాగని తాడిచెట్టు తొందరపడే రకం కాదు. మొలిచిన పన్నెండు పదిహేనేళ్లకు గానీ పూతకు రాదు. అప్పటిదాకా అది పోతుతాడో, కాయలు కాసే ఆడతాడో చూసి చెప్పడం కష్టం. పోతుతాడైతే కాయ ఆశ లేనట్టే. ఆడతాడైనా పండు దాకా రావడం తేలిక కాదు. కల్లు కోసం గెల గీస్తే కాయ ఉండదు. వేసవిలో ముంజెలకు గెలలు దించేస్తే పండు ఉండదు. ఈ రెండు గండాలూ గడిచి చెట్టు మీద మిగిలిన కాయలే శ్రావణ, భాద్రపదాల్లో నల్లగా నిగనిగలాడుతూ పండి రాలతాయి. అంటే తాటిరొట్టె అందరూ తీసుకోగా మిగిలినదానితో తయారయ్యే వంటకం. అయినా ఆ మిగులు రుచి చూస్తే అసలు వాటా ఇదేనేమో అనిపిస్తుంది.

వినాయక చవితి ముందూ వెనకా మొదలయ్యే ఈ సందడి విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే రోజులకల్లా ఇంచుమించుగా సద్దుమణుగుతుంది. వానాకాలం వెనక్కి తగ్గి శరదృతువు అడుగుపెట్టే ఈ కొద్ది వారాలే దీనికి అదను.

గుజ్జు తీయడమే గొప్ప పని

తాటిపండును అరటిపండులా ఒలుచుకు తినేయలేం. ముందు ముచ్చిక తీయాలి, తర్వాత నల్లటి తోలు లాగేయాలి. లోపల సాధారణంగా మూడు టెంకలు ఉంటాయి, కొన్నింట్లో రెండే. ఒక్కో టెంక చుట్టూ నారింజ రంగు పీచు, ఆ పీచు నిండా గుజ్జు. టెంకను కొద్దిగా తడిచేసి చేత్తో పిసుకుతూ, జల్లెడ మీద రుద్దుతూ గుజ్జును కిందికి రాబట్టాలి. చేతులు పసుపు పూసినట్టు అయిపోతాయి. ఆ రంగు క్యారెట్‌లోనూ ఉండే బీటా కెరోటిన్ తాలూకుదే. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. వీధి చివర నిలబడినా ఎవరింట్లో గుజ్జు తీస్తున్నారో ముక్కు చెప్పేస్తుంది!

ఇంత కష్టపడ్డాక కూడా ఒక పేచీ ఉంది... చేదు. తాటి గుజ్జులో ఫ్లాబెల్లిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. దాని మోతాదు చెట్టు చెట్టుకూ మారుతుంది. ఒక చెట్టు పండు తేనెలా ఉంటే, పక్క చెట్టు పండు నాలుక మీద పెట్టగానే మొహం మాడ్చేస్తుంది. అందుకే పల్లెల్లో పెద్దవాళ్లకి గట్టు మీది చెట్లన్నీ గుర్తే. ఏ చెట్టు కింద ఏరాలో, ఏది వదిలేయాలో పిల్లలకి వాళ్లే చెబుతారు. ఈ పరిజ్ఞానం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ చెట్టు ఉన్నంతకాలం, దాన్ని ఎరిగిన మనిషి ఉన్నంతకాలం మాత్రమే ఉంటుంది.

రెండు నిప్పుల రహస్యం

తీసిన గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం తురుము, పచ్చికొబ్బరి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు కలుపుతారు. కాస్త శొంఠి వేస్తే వానాకాలం జలుబులకీ మంచిదంటారు. బెల్లానికి ఉత్తరాంధ్రలో కొరతేముంది, అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఎంత పేరున్నదో తెలిసిందే. కలిపిన పిండిని రెండు మూడు గంటలు మూతపెట్టి ఉంచితే రవ్వ గుజ్జునంతా పీల్చుకుని ఉబ్బుతుంది. రాత్రంతా ఉంచితే సన్నగా పులిసి మరో రుచి వస్తుంది.

ఆ తర్వాతే అసలు విద్య. మందపాటి ఇత్తడి గిన్నెకు నెయ్యి రాసి, అడుగున అరటాకు పరిచి, పిండి పోస్తారు. పైన మరో అరటాకు, దాని మీద మూకుడు బోర్లించకుండా వెల్లకిలా పెట్టి అందులో కణకణలాడే నిప్పులు. కింద కుంపట్లోనూ నిప్పులే. మంట మాత్రం ఎక్కడా ఉండకూడదు. కింద వేడి ఒక్కటే అయితే అడుగు మాడిపోయి నడుమ పచ్చిగా ఉంటుంది. పైనుంచి కూడా వేడి తగిలితే బెల్లం నెమ్మదిగా ముదిరి పై పొర ఎర్రగా, పెళుసుగా తేరుతుంది. లోపల మాత్రం గుజ్జులోని తేమకు రవ్వ మెత్తగా ఉడుకుతుంది. ఓవెన్ అనే మాట మన వంటిళ్లకు రాకముందే ఇక్కడి ఆడవాళ్లు ఓవెన్ చేసే పనిని ఒక గిన్నె, ఒక మూకుడుతో చేసి చూపించారు.

గంట గడిచేసరికి అరటాకు కమిలిన వాసన, బెల్లం వాసన, తాటిపండు వాసన కలిసిపోతాయి. వేడి మీద కోస్తే రొట్టె విరిగిపోతుంది. చల్లారనివ్వాలి. అందుకే రాత్రి కాల్చి పొద్దున్న కోయడం మేలు. మొదటి ముక్క ఎవరికి అన్న తగువులో అంచు ముక్కకే గిరాకీ.

గ్యాస్ పొయ్యి వచ్చాక రెండు నిప్పులు కుదరడం కష్టమైంది. దానికీ మార్గాలున్నాయి. ప్రెజర్ కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టి చిన్నమంట మీద ఉంచవచ్చు. ఓవెన్ ఉంటే ఇంకా సులువు. ఒక మోస్తరు పెద్ద పండు నుంచి వచ్చే రెండు కప్పుల గుజ్జుకి రెండు కప్పుల బియ్యపు రవ్వ, ఒకటింపావు కప్పు బెల్లం, కప్పు కొబ్బరి, చెంచా యాలకుల పొడి, అరచెంచా శొంఠి, మూడు చెంచాల నెయ్యి లెక్క. పిండి ఇడ్లీపిండి కన్నా కాస్త గట్టిగా ఉండాలి. 180 డిగ్రీల దగ్గర 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటుకోకూడదు. పొగ వాసన ఒక్కటే తక్కువవుతుంది, అది బొగ్గులకే సాధ్యం!

ఊరికో చుట్టం

పండు రాలే కాలంలో దాన్ని పిండితో కలిపి రొట్టె చేసుకోవడం గరివిడి ఒక్కదాని అలవాటు కాదు. ఇటు గోదావరి జిల్లాల్లో తాటిరొట్టె, తాటి గారెలు, తాటి తాండ్ర ఉన్నాయి. అటు సరిహద్దు దాటి ఒడిశా వెళితే 'తాళ పిఠా'. బెంగాల్లో కృష్ణాష్టమికి 'తాలేర్ బొరా' లేకపోతే పండగే కాదు. శ్రీలంకలోని జాఫ్నా తమిళులు గుజ్జును ఎండబెట్టి 'పినాట్టు' చేస్తారు. థాయిలాండ్‌లో అదే గుజ్జుతో ఆవిరి మీద ఉడికించే మెత్తటి కేకు పేరు 'ఖనోమ్ తాన్'. చలిదేశాల్లో శరత్కాలం వస్తే యాపిల్ పండ్లకు దాల్చినచెక్క పొడి జోడించి రొట్టె కాల్చుకుంటారు. పండు వేరు, సుగంధ ద్రవ్యం వేరు, ఆలోచన ఒకటే. పెరట్లో రాలింది పాడవకముందే పొయ్యి మీదికి చేర్చడం.

తేడా ఎక్కడంటే, యాపిల్ నెలల తరబడి నిల్వ ఉండి ఖండాలు దాటుతుంది. తాటి గుజ్జు అలా కాదు, తీసిన మర్నాటికే పులిసిపోతుంది. పండు కూడా రాలిన రెండు మూడు రోజుల్లో వాడేయాల్సిందే. సూపర్ బజారు అరలో దొరికే సరుకు కాదిది. తినాలంటే ఆ నెలలో ఆ ఊరికి వెళ్లాలి, ఎవరో ఒకరు ఆప్యాయంగా పెట్టాలి.

చెట్టు ఒరిగితే...

రొట్టె చేసే పద్ధతి ఎక్కడికీ పోదు. చెప్పేవాళ్లుంటే నేర్చుకునేవాళ్లు దొరుకుతారు. పోయేది చెట్టు. ఒకప్పుడు పెంకుటింటికి తాటి దూలాలు, పూరింటికి తాటాకులు కావాల్సి వచ్చేవి. అందుకే చెట్టుకు విలువ ఉండేది. స్లాబు ఇళ్లు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. గట్టు మీది తాడు నీడ పడి పంట దెబ్బతింటోందనో, స్థలం ప్లాటుగా మారుతోందనో కొట్టేస్తున్నారు. నరికిన మానులు ఇటుక బట్టీల్లో కట్టెలవుతున్నాయి. కొట్టడానికి పూట పట్టదు. దాని చోట ఇంకొకటి కాపుకు రావాలంటే పన్నెండు పదిహేనేళ్లు! అది ఆడతాడే అవుతుందన్న పూచీ కూడా లేదు.

మరోపక్క రాలిన పండ్లు ఏరేవాళ్లు లేక గట్ల మీదే కుళ్లిపోతున్న ఊళ్లూ ఉన్నాయి. చదువులకు, ఉద్యోగాలకు పిల్లలు విశాఖ, హైదరాబాదు వెళ్లిపోతే ఇద్దరే మిగిలిన ఇంట్లో అంత గుజ్జు ఎవరు పిసుకుతారు? ఈ చిక్కు తీర్చడానికే రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద పరిశోధనలు జరిగాయి. గుజ్జు తీసే యంత్రాలు, నిల్వ పద్ధతులు, గుజ్జుతో చేసే తినుబండారాల మీద శాస్త్రవేత్తలు దృష్టి పెట్టారు. పిసికే శ్రమ తగ్గితే పండుకు ధర వస్తుంది. పండుకు ధర వస్తే గట్టు మీది చెట్టు కట్టెల లెక్కలోకి పోదు. మాంగనీసు ఒకసారి తవ్వితే గొయ్యి మిగులుతుంది. తాడిచెట్టు ఏటా ఇస్తూనే ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కనే చూసిన నేలకు ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

టెంకకీ ఓ కథ

గుజ్జు పిసికేశాక మిగిలిన టెంకల్ని పారేస్తారనుకుంటే పొరపాటే. పెరట్లో గుల్లగా తవ్విన మట్టిలో వరసగా పేర్చి పాతర వేస్తారు. మొలక నేలలోకి దిగి మూడు నాలుగు నెలల్లో వేలెడు లావున తేగ అవుతుంది. కొన్ని టెంకల్ని ముందే పగలగొడితే లోపల తెల్లటి తియ్యటి గుంజు పిల్లల వాటా. చలికాలంలో తేగల్ని తవ్వి, కాల్చో ఉడకబెట్టో తింటారు. భాద్రపదంలో రొట్టె, సంక్రాంతి ముందు తేగలు... ఒకే పండు రెండు కాలాలకు సరిపోతుంది.

పాతరలో నుంచి తీయడం మరిచిపోయిన టెంక ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి. పెరటి మూల అవే రెండు ఆకులు విప్పుకుని నిలబడతాయి. ఎవరూ నాటని తాడిచెట్టు అలాగే మొదలవుతుంది. దాన్ని పీకేయకుండా వదిలేస్తే చాలు, ఏదో ఒక భాద్రపదంలో ఆ ఇంట్లో మళ్లీ రొట్టెగిన్నె దిగుతుంది.