ఒంటెల హాజరుపట్టీ

గుమాస్తాకు ఒంటెలతో ఏమి పని అని పాఠకులు నవ్వవచ్చు. మా తాతగారు మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూరు వచ్చిన నాటినుండి మా ఇంట్లో ఎవరికీ ఒంటెతో లావాదేవీ లేదు. కచేరీలో మరాఠీ, ఇంట్లో తెలుగు, ఒకటో తేదీన జీతం, నెలాఖరున చేబదులు – ఇదే నా ప్రపంచం. అటువంటి నేను పోయిన నెలంతా ఒంటెల గురించే విచారించాను. కారణం మా చెల్లెలు.

చెల్లెలు భర్త ఉద్యోగరీత్యా దుబాయిలో ఉంటున్నది. ఇప్పుడు ఐదవ నెల. ఒకనాటి రాత్రి ఫోనులో, "అన్నా, ఇక్కడ పక్కింటివాళ్లు ఒంటెపాలు తెచ్చి ఇస్తున్నారు. పచ్చివే తాగాలట, బలమట" అన్నది. నాకు బదులు తోచలేదు. 1998 వానాకాలంలో మా అక్క ఏడవ నెలలో పచ్చకామెర్లతో మాకు దక్కకుండా పోయింది. అప్పటికి చెల్లెలు చిన్నపిల్ల. ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తము. పచ్చిపాలు అనగానే ఎందుకో అక్క కళ్లలోని పసుపే నాకు కనబడింది.

మా వీధిలో ఒక పశువైద్యుడున్నాడు. మర్నాడే పోయి, "ఒంటెలకు కామెర్ల జబ్బు ఉంటుందాండీ?" అని అడిగాను. నవ్వుతాడనుకొన్నాను, నవ్వలేదు. కాలేయానికి పట్టే హెపటైటిస్ ఇ అనే వైరసు ఉన్నదనీ, దానిలో ఒక రకం ఒంటెలలో కనిపించిందనీ, కనిపించినది దుబాయిలోనేననీ చెప్పాడు. 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం అక్కడ 203 ఒంటెల పేడ పరీక్షిస్తే మూడింటిలో వైరసు దొరికిందట.

"నూటికి ఒకటిన్నర! అంతేగదా!" అని నేను ఊపిరి పీల్చుకొన్నాను.

"మీరు చూస్తున్నది ఏ రిజిస్టరో చూసుకోండి" అన్నాడాయన.

తరువాత 2016లో ఇంకొక పరిశోధన వచ్చింది. దుబాయి ఉన్న ఎమిరేట్సు, పాకిస్తాను, ఈజిప్టు, సూడాను, సోమాలియా, కెన్యా దేశాలలో 1983 నుండి 2015 వరకు సేకరించిన 2,438 ఒంటెల నమూనాలు చూశారు. వైరసు దొరికినవి నూటికి ఒకటి కూడా లేవు. కాని ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకు గుర్తుగా నెత్తుటిలో మిగిలే యాంటీబాడీలు దగ్గరదగ్గర సగం ఒంటెలలో ఉన్నాయి.

ఈ లెక్క గుమాస్తాకు వేరే చెప్పనక్కరలేదు. మా కచేరీ హాజరుపట్టీ చూస్తే ఈ రోజు సెలవులో ఉన్నవారు ఇద్దరే. సెలవుల రిజిస్టరు తీస్తే సెలవు పెట్టనివాడే లేడు. రెండూ నిజమే. వైరసు ఒంటె ఒంట్లో ఉండేది కొద్దికాలం. దాని ఆనవాలు మాత్రం చాలాకాలం ఉంటుంది. జబ్బు కొత్తది కాదు, మనకు తెలియడమే కొత్త. చైనాలోని రెండు మూపురాల ఒంటెలలో కూడా దీనికి దగ్గరి రకమొకటి బయటపడింది.

మనుష్యులకు వస్తుందా అని అడిగాను. ఒంటెమాంసం, ఒంటెపాలు అలవాటుగా తీసుకొనే ఒక రోగి సంగతి 2016లోనే ప్రకటించారట. కాలేయం మార్పిడి జరిగిన ఆ మనిషిలో ఒంటెల రకం వైరసే తిష్ఠ వేసింది. ఒక్కరిని చూసి పాలవల్లనే వచ్చిందని తీర్మానించరాదు. అలాగని పచ్చివి తాగనూరాదు అన్నాడు.

చివరకు అక్క సంగతి చెప్పాను. ఆయన కొంతసేపు ఊరుకొని, "మన దేశంలో గర్భిణులను బలిగొనేది ఒంటెల రకం కాదండీ. అది మురుగు కలిసిన నీటివల్ల వచ్చే రకం" అన్నాడు. 1955–56లో ఢిల్లీలో తాగే నీటిలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. దాచి ఉంచిన ఆనాటి నెత్తురును ఎన్నో ఏళ్ల తరువాత పరీక్షించి, అది ఈ జబ్బేనని తేల్చారు. మా అక్క నెత్తురు ఎవరూ దాచలేదు, పరీక్షించలేదు. ఆమె ఏ లెక్కలోనూ లేదు.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేశాను. పాలు మానమనలేదు, బాగా మరగకాచి తాగమన్నాను. నీళ్లూ అంతే, మాంసం బాగా ఉడకాలి అన్నాను. ఎందుకన్నా ఇంత భయం అన్నది. అప్పుడు మొదటిసారిగా అక్క సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదన్నా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మొన్న మళ్లీ మాట్లాడింది. పాలు కాచే తాగుతున్నదట. కొంచెం ఉప్పగా ఉంటాయట.